మూడు సంతకాలు, 26 వారాలు

2017 మేలో మా ఫ్యాక్టరీ మూతపడేనాటికి నాకు 51 ఏళ్లు. అక్క వేసిన పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో గుంటూరు నుంచి ఒహాయో వచ్చి తొమ్మిదేళ్లయింది. చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు బిగించే లైన్లో పని, గంటకు 18 డాలర్లు. మా మోటార్లు కొనే కంపెనీలు ఒక్కొక్కటే చైనా సరుకుకి మళ్లాయి. మూడు షిఫ్టులు రెండయ్యాయి, రెండు ఒకటైంది. చివరికి 60 రోజుల నోటీసిచ్చారు. ఆఖరి రోజు కేకు కూడా కోయించారు, ఎందుకో మరి.

నిరుద్యోగ భృతి 26 వారాలు వస్తుందని అందరికీ తెలుసు. అది కాక ఇంకోటి ఉందని చెప్పింది లైన్లో నా పక్కన పనిచేసే పెద్దావిడ. వాళ్లాయనకు అంతకుముందెప్పుడో మిల్లు మూసినప్పుడు వచ్చిందట. పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, వాడుకలో టీఏఏ. 1962లో మొదలైన పథకం. విదేశీ సరుకు వల్లే ఉద్యోగాలు పోయాయని అమెరికా కార్మిక శాఖ ఒప్పుకుంటే కొత్త పని నేర్పించేవారు, నేర్చుకున్నన్నాళ్లూ భృతి ఇచ్చేవారు.

అయితే ఎవరో ఒకరు పిటిషన్ వెయ్యాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. కంపెనీ వెయ్యలేదు, మాకు యూనియన్ లేదు. ముగ్గురు కార్మికులు సంతకాలు పెడితే చాలని ఫారంలోనే ఉంది. ఆవిడ, నేను, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక కుర్రాడు కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని నింపాం. ఏ కొనుగోలుదారు ఎప్పుడు ఆర్డర్లు తగ్గించాడో గుర్తున్నంత వరకు రాశాం. తరవాత కార్మిక శాఖ వాళ్లే కంపెనీ నుంచి లెక్కలు తెప్పించుకుని చూశారు. 40 రోజుల్లో తేల్చాలని చట్టం. మాకు ఇంకా ఎక్కువే పట్టి జులై ఆఖర్లో ఆమోదం వచ్చింది.

ఒక్క బాధ మిగిలింది. పిటిషన్ తేదీకి ఏడాది కంటే ముందు ఉద్యోగం పోయినవాళ్లకు ఇది వర్తించేది కాదు. 14 నెలల కిందట తీసేసిన నైట్ షిఫ్ట్ వాళ్లకి ఏమీ రాలేదు. అప్పుడే ఆ మూడు సంతకాలు పెట్టుంటే వాళ్లకీ వచ్చేది.

ఇక నా ముందు రెండు దారులు. 50 దాటినవాళ్లు తక్కువ జీతానికి వేరే పనిలో చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చేది, రెండేళ్లలో 10,000 డాలర్లు దాటకుండా. గోడౌన్లో గంటకు 13కి పని సిద్ధంగా ఉంది. అంటే వారానికి 100 డాలర్లు కలిసొస్తాయి. మా ఆవిడ అదే తీసుకోమంది. రెండేళ్లయ్యాక 13 దగ్గరే ఉండిపోతానని నా భయం. ఎప్పుడో 1985లో చేసిన ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఉంది కదా అని కమ్యూనిటీ కాలేజీలో ఇండస్ట్రియల్ మెయింటెనెన్స్ ఎంచుకున్నాను.

అసలు టెన్షన్ అక్కణ్ణుంచి మొదలైంది. ఆమోదం వచ్చిన తేదీ, ఉద్యోగం పోయిన తేదీ, ఈ రెంటిలో ఏది తరవాతిదైతే దాన్నుంచి 26 వారాల్లోపు ట్రైనింగులో నమోదు కావాల్సి ఉండేది. దాటితే ప్రభుత్వం ఫీజు కట్టినా కట్టొచ్చు గానీ భృతి పోయేది. నా గడువు జనవరి ఆఖరు. ఆగస్టు అడ్మిషన్లు అందుకోలేకపోయాను, కారణం నా ఇంటిపేరు. ఎస్సెస్సీలో అది ముందు పొడి అక్షరంగా ఉంది, ఐటీఐ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది, పాస్‌పోర్టులో చివరికి పోయింది. సర్టిఫికెట్లు మదింపు చేసేవాళ్లు వీళ్లు ముగ్గురూ వేరువేరు మనుషులా అని అడిగారు. గుంటూరులో తమ్ముడు స్కూలు చుట్టూ తిరిగి కాగితం తెప్పించి, నేను అఫిడవిట్ ఇచ్చి, అంతా తేలేసరికి నవంబర్. ఆఫీసులో ఒకాయన "ఇంకా బోలెడు టైముంది" అనేవాడు. నేను ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో వారాలు కొట్టేసుకుంటూ వచ్చాను. జనవరి టర్ములో చేరాను.

ఫీజు, పుస్తకాలు, పనిముట్లు అన్నీ వాళ్లే ఇచ్చారు. 26 వారాల నిరుద్యోగ భృతి అయిపోయాక అంతే మొత్తం టీఏఏ కింద వచ్చింది. హాజరు కాగితం మీద లెక్చరర్ల సంతకాలు తీసుకెళ్లి ఇవ్వాలి. వాళ్లలో సగం మంది మా అబ్బాయి వయసువాళ్లు. ఇంకో మెలిక, సెలవులు 30 రోజులు దాటితే ఆ సెలవులకి భృతి వచ్చేది కాదు. శని ఆదివారాలు లెక్కలోకి రాకపోయినా, వేసవి సెలవులు అంతకంటే ఎక్కువే. పక్క సీటు అతను చెప్పబట్టి వేసవిలో కూడా క్లాసులు తీసుకున్నాను.

2019 మేలో పూర్తయింది. ఇప్పుడు ఒక ఫుడ్ ప్లాంటులో కన్వేయర్లు, మోటార్లు చూస్తున్నాను. మొదటి రోజు విప్పిన మోటారు మీద మేడిన్ చైనా అని ఉంది. నవ్వొచ్చింది.

2023లో మిషిగన్ నుంచి తెలిసినాయన ఫోన్ చేశాడు, "అన్నా, మా ప్లాంటు మూసేస్తున్నారు, నువ్వు తీసుకున్నది మాకొస్తుందా?" అని. రాదు. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పథకం గడువు పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త పిటిషన్లకు ఆమోదం ఆగిపోయింది. ఉద్యోగం పోయినవాళ్ల కోసం డిస్‌లొకేటెడ్ వర్కర్ పథకం అని వేరే ఒకటుంది, జాబ్ సెంటర్‌లో ఆ పేరు చెప్పి అడగమన్నాను. ఎస్సెస్సీ సర్టిఫికెట్ మాత్రం ఇప్పుడే బయటికి తీసి పేరు ఎలా ఉందో చూసుకోమన్నాను.