ఇండియన్ స్కూల్ రోడ్డు

అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం మేరికోపా గణపతి గుడికి వెళ్తున్నాం. ఆ 347 రోడ్డు ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. మధ్యలో కొంత దూరం ఇళ్ళుండవు, ఎండిన పొదలే ఉంటాయి. అది గిలా రివర్ తెగవాళ్ళ రిజర్వేషన్, అంటే ఆ ఆదివాసులకు కేటాయించిన నేల అని అమ్మాయి చెప్పింది. వంతెన దాటుతుంటే కిందికి చూశాను, నదిలో చుక్క నీరు లేదు. ఎగువన సాగుకు మళ్ళించుకున్నారట, అదీ నూరేళ్ళ కిందటి మాట. ఆ తెగవాళ్ళు తమను అకిమెల్ ఓదమ్ అని చెప్పుకుంటారు, అంటే నది మనుషులు.

2024 అక్టోబర్ 25న బైడెన్ ఆ రిజర్వేషన్‌లోని ఒక బడికే వచ్చి, ఆదివాసీ పిల్లల బోర్డింగ్ స్కూళ్ళలో జరిగినదానికి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. మా ఇంట్లో టీవీ నడుస్తూనే ఉంది, ఎవరూ తల తిప్పలేదు. "ఎలక్షన్లు కదా అత్తయ్యా" అని అల్లుడు ఛానల్ మార్చాడు. నాకు కోపం వచ్చింది. ప్రతివారం మనం దాటి వెళ్ళే నేల మీద, మనం దణ్ణం పెట్టుకోవడానికి పోయే దారిలో జరిగిన సంగతి అది.

ఇంకొకటి కూడా మనసులో పడి ఉంది. ఫీనిక్స్‌లో ఒక పెద్ద రోడ్డు పేరు ఇండియన్ స్కూల్ రోడ్డు. మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు మనవాళ్ళ బడేదో ఉందనుకున్నాను. కాదట, ఆదివాసీ పిల్లల బోర్డింగ్ స్కూలట. అక్కడికి తీసుకెళ్ళమంటే, చూడ్డానికి ఏముందమ్మా, ఆ శనివారం సెడోనా వెళ్దాం అన్నారు. సెడోనా వెళ్ళాం, ఎర్ర కొండలు చూశాం. నవంబర్ మొదటివారంలో నేను ఒక్కదాన్నే బయల్దేరాను.

అమ్మాయి టెంపీలో రైలెక్కించింది. టికెట్టు రెండు డాలర్లు. అది పరవాలేదు కానీ, దారిలో ముందు దిగిన హర్డ్ మ్యూజియంలో, అదే ఆదివాసుల మ్యూజియం, టికెట్టు ఇరవై డాలర్ల పైమాటే. పదిహేడు వందల రూపాయలకు పైన! మా ఊళ్ళో అంతకు నెల బియ్యం వస్తాయి. వెనక్కి తిరిగేదాన్నే, అంత దూరం వచ్చాను కాబట్టి కొన్నాను.

మ్యూజియంలో బుట్టలు, నగలు, కుండలు ఎన్నో ఉన్నాయి. వాటి గురించి చెప్పలేను, సరిగ్గా చూడలేదు. బోర్డింగ్ స్కూళ్ళ గదిలోనే మూడు గంటలు ఉండిపోయాను. అక్కడ ఒక పాత మంగలి కుర్చీ ఉంది. కింద కత్తిరించిన జుట్టు పడి ఉంది. దాన్ని చూడగానే నాకు కాళ్ళు ఆడలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

రిజర్వేషన్లకు దూరంగా ప్రభుత్వం ఇలాంటి బడులు పెట్టడం మొదలైంది పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో. 1879లో ప్రాట్ అనే సైనికాధికారి అక్కడ బడి పెట్టాడు. "అతనిలోని ఇండియన్‌ను చంపి మనిషిని కాపాడాలి" అన్నది ఆయన మాటే. రైలు దిగిన పిల్లలకు జుట్టు కత్తిరించారు. చాలా తెగల్లో ఇంట్లో మనిషి పోతేనే జుట్టు తీస్తారు. పిల్లలు ఎవరు చచ్చిపోయారోనని ఏడ్చారట. తర్వాత కొత్త బట్టలు, కొత్త పేర్లు. సొంత భాషలో మాట్లాడితే దెబ్బలు. సగం రోజు చదువు, సగం రోజు పని: ఆడపిల్లలు బట్టలుతకాలి, కుట్టాలి, మగపిల్లలు పొలంలో దిగాలి. ఫీనిక్స్ బడి 1891లో మొదలైంది. అక్కడి ఆడపిల్లల్ని ఊళ్ళోని తెల్లవాళ్ళ ఇళ్ళకు పనిమనుషులుగా పంపేవాళ్ళు, దాన్ని కూడా చదువులో భాగం అన్నారు. 1893లో, పిల్లల్ని పంపని కుటుంబాలకు రేషన్ ఆపడానికి చట్టమే చేశారు. పంపం అన్న హోపీ తండ్రులు 19 మందిని 1895లో ఆల్కట్రాజ్ దీవిలో ఖైదు చేశారు. 2024లో ప్రభుత్వమే ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి బడులు 417, వాటిలో చనిపోయినట్టు తేలిన పిల్లలు కనీసం 973 మంది.

మళ్ళీ రైలెక్కి మూడు స్టేషన్లు పోతే ఆ బడి ఉన్న చోటు వస్తుంది. 1990లో మూసేశారు. ఇప్పుడది పార్కు. పెద్ద పచ్చిక, చెరువు, మూడు పాత భవనాలు మిగిలాయి. పక్కనున్న మాజీ సైనికుల ఆసుపత్రి కూడా ఒకప్పటి బడి నేలే. ప్రవేశం ఉచితం. మధ్యాహ్నం రెండయింది, చెట్టుకింద బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచాను.

అదే బెంచీ మీద డెబ్భై దాటిన ఒకామె కూర్చుని ఉంది. ఏ ఊరు అని అడిగింది. ఇండియా అన్నాను. "నన్ను కూడా ఆ పేరుతోనే పిలిచారు, ఇక్కడ చదివినప్పుడు" అంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ ఆమె నెమ్మదిగా మాట్లాడే మనిషి. పులిహోర పెట్టాను. వేళ్ళతోనే తింది, పల్లీలు ఏరుకుని ముందు తింది. ఆమెది గిలా రివర్. మేము గుడికెళ్ళే దారిలోనే వాళ్ళ ఇల్లు.

నేను ఏడుపు కథ వినడానికి సిద్ధపడి కూర్చున్నాను. ఆమె మాత్రం బ్యాండు గురించి చెప్పింది. 1960ల్లో ఇక్కడ క్లారినెట్ వాయించేదట. స్నేహితులు ఇక్కడే దొరికారట. మూసేసిన రోజు ఏడ్చిందట. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా దీవి మీద అమెరికా జెండా ఎత్తిన సైనికుడు ఇరా హేస్ కూడా ఇక్కడ రెండేళ్ళు చదివాడు, మావాడే అని గొప్పగా చెప్పింది. మరి మ్యూజియంలో చూసిందేమిటి అని అడిగాను.

"అది మా అమ్మ బడి" అంది. ఎనిమిదేళ్ళప్పుడు తెచ్చారట. 1928లో ఈ బడుల మీద వచ్చిన మెరియం నివేదికలో, ఒక్కో పిల్ల తిండికి రోజుకు 11 సెంట్లే ఖర్చు పెడుతున్నారని రాశారు. వాళ్ళమ్మ ఆ రోజుల పిల్ల. బతికినన్నాళ్ళూ రొట్టె ముక్క దిండు కింద దాచుకునేదట. "అమ్మ నాతో ఒక్కనాడు ఓదమ్‌లో మాట్లాడలేదు. నన్ను కొడతారని భయం. నేను వచ్చేసరికి కొట్టడం పోయింది, కానీ భాష కూడా పోయింది" అంది. ఇప్పుడు మనవరాలితో కలిసి వాళ్ళ బళ్ళో మాటలు నేర్చుకుంటోందట. నీళ్ళకు ఏమంటారో నాకు చెప్పింది, నాకు నోరు తిరగలేదు.

"నువ్వేం చేసేదానివి?" అని అడిగింది. టీచర్ని అన్నాను. ఎక్కడ అంటే చెప్పక తప్పలేదు.

1986లో నా మొదటి పోస్టింగ్ ఆసిఫాబాద్ దాటి లోపలికి, ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో. పిల్లలంతా గోండులు, కొలాములు. జూన్‌లో బడి తెరవగానే మంగలిని పిలిపించేవాళ్ళం. పేలు పోవాలంటే నాకు వేరే దారి తెలియదు. ఆడపిల్లలు వరసలో కూర్చునేవాళ్ళు, మధ్యాహ్నానికి అందరి తలలూ ఒక్కలాగే ఉండేవి. జుట్టు చీపురుతో ఊడ్చి పెంట మీద పోసేవాళ్ళు. క్లాసులో గోండి మాట వినిపిస్తే నిలబెట్టేదాన్ని. తెలుగు రాకపోతే ఈ పిల్లలు ఎట్లా బాగుపడతారు అని నిజంగానే బాధపడేదాన్ని.

కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతులు శిక్షణ ఇచ్చి, గోండిలోనే వాచకాలు చేయించాడు. మార్లవాయి మా బడికి ఎంతో దూరం కాదు. నా ట్రైనింగులో ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా దగ్గర పోలీసులు పిల్లల్ని లాక్కురాలేదు. తండ్రులే నడిపించుకుని వచ్చారు, సీటు కోసం బతిమాలారు. మా బడిలో చదివి ఉద్యోగాలు చేస్తున్న ఆడపిల్లలు ఉన్నారు. అది చిన్న తేడా కాదు, దాన్ని చెరిపేసి రెండూ ఒకటే అని చెప్పను. కానీ ఒక తండ్రి తన బిడ్డ పేరు రెండుసార్లు చెప్పాడు. నాకు రాయడం రాలేదు. రిజిస్టర్‌లో లక్ష్మి అని రాశాను. ఆయన తల ఊపాడు. జుట్టు తీసినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, రెండు చేతులూ తలమీద పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. దీపావళికి దండారి పండగని ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. రెండు నెలలు చూసి పేరు కొట్టేశాం.

ఆమె అంతా విని, "ఆ పిల్ల పేరేమిటి?" అంది.

లక్ష్మి అన్నాను.

"కాదు, వాళ్ళ నాన్న చెప్పింది."

ఎంత తలచుకున్నా రాలేదు. ఆమె ఇంకేమీ అనలేదు. ఖాళీ డబ్బా మూత పెట్టి నా సంచిలో పెట్టింది, స్టేషన్ దాకా తోడు వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ తీశాను. అక్కడ తెల్లవారి ఆరున్నర. మా బళ్ళో వంట చేసినావిడ ఇప్పుడు కొడుకు దగ్గర ఆసిఫాబాద్‌లో ఉంటోంది. ఆమె గోండే, పిల్లలందరినీ పేరుపేరునా ఎరుగుదు. యోగక్షేమాలు అయ్యాక అడిగాను, మొదటి ఏడాది దండారికి పోయి తిరిగి రాని లక్ష్మి గుర్తుందా, ఆ పిల్ల అసలు పేరేమిటి అని.

ఆమె కాసేపు ఆలోచించింది.

"ఏ లక్ష్మి మేడం? ఆ యేడు మీరు రాసిన లక్ష్ములు నలుగురుండిరి గద."