వంశవృక్షం కోసం కోర్టు కాగితాలు

చిత్తూరు ప్రాంతంలో పూర్వీకుల వివరాలు వెతికేవారు ముందుగా జిల్లా సరిహద్దులు ఎప్పుడెలా మారాయో తెలుసుకోవాలి. 1911 ఏప్రిల్ 1న ఈ జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె, వాయల్పాడు కడపలోను ఉండేవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. అందువల్ల ఒకే ఇంటివారి కాగితాలు ఒకే చోట ఉంటాయని అనుకోవడానికి వీల్లేదు.

అమెరికాలో పెళ్లిళ్లు, వీలునామాల వివరాలు సాధారణంగా కౌంటీ కార్యాలయాల్లోను, పాత పౌరసత్వ దరఖాస్తులు అనేకం ఫెడరల్ జిల్లా కోర్టుల దస్త్రాల్లోను దొరుకుతాయని అక్కడున్న మా చెల్లెలు చెబుతుంటుంది. మనకు ఆ పని చేసిపెట్టేది, నా దృష్టిలో, భాగపంపిణీ దావా, అంటే ఉమ్మడి ఆస్తిని పంచమని కోర్టులో వేసే దావా. మూలపురుషుడి నుంచి వాది, ప్రతివాదుల వరకు గీసిన వంశవృక్షం దావా అర్జీలోనే ఉంటుంది. దాని వెంట సర్వే నంబర్లు, చెక్కుబందీతో (నాలుగు వైపుల హద్దులతో) ఆస్తి షెడ్యూలు ఉంటుంది. అన్నదమ్ములు కలిసిమెలిసి బతికిన ఇంటికి ఇంతటి పత్రం మిగలదు!

పాత వృక్షాల్లో ఆడవారి పేర్లు అరుదు. మనోవర్తి కోరిన వితంతువు మాత్రం కనిపిస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత కూతుళ్లు కూడా కక్షిదారులుగా కనిపిస్తారు.

నకలు కోరేముందు దావా నంబరు, సంవత్సరం సంపాదించుకోవాలి. ఆ ఆస్తి తర్వాతి క్రయ దస్తావేజుల్లో ఆ దావాలో కోర్టు ఇచ్చిన డిక్రీ ప్రస్తావన తరచుగా ఉంటుంది.