ఆయుధ పూజ అయిన రెండో రోజే మొండికేసిన కంప్యూటర్

2025లో ఆయుధ పూజ అక్టోబర్ 1న వచ్చింది. బెంగళూరులో ఆ రోజు స్కూటర్ మొదలుకొని బస్సు దాకా ప్రతి బండీ అరటి పిలకలు కట్టించుకోవాల్సిందే. కేఆర్ పురంలో మా వీధంతా పగిలిన బూడిద గుమ్మడికాయలు, కుంకుమ. హిందూపురంలో మా నాన్న కుట్టుమిషన్‌కి పూజ చేసేవాడు. నాకు అన్నం పెట్టేది కంప్యూటర్ కాబట్టి నేను దానికి చేస్తాను. ఏడాదికోసారి దాని పక్క తలుపు విప్పి దుమ్ము దులిపేదీ ఆ రోజే. ఈసారి ఫ్యాన్ కింద రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. పెయింట్ బ్రష్ లోపలికంటా దూర్చి, ఫ్యాన్‌ని వేలితో అటూ ఇటూ నెడుతూ లాగి పారేశాను. తర్వాత మావాడు కుంకుమ బొట్టు పెట్టాడు, మా ఆవిడ బొరుగులూ బెల్లమూ పంచింది.

నేను చిన్న చిన్న షాపులకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. సెప్టెంబర్ నెల జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, అక్టోబర్ 11 లోపు వెయ్యాలి. మామూలు నెలైతే టెన్షన్ లేదు. కానీ సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారాయి. చాలా సరుకులకి 12 శాతం, 28 శాతం స్లాబులు తీసేశారు. దాంతో ఒకే సరుకుకి 21వ తేదీ దాకా ఒక రేటు, ఆ మర్నాటి నుంచి ఇంకో రేటు. ప్రతి బిల్లునీ తేదీతో సహా సరిచూడాల్సిన నెల అది.

3వ తేదీ పొద్దున లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరవబోయాను. కాఫీ తాగి గ్లాసు కడిగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంది. మౌస్ కదిపితే బాణం కాసేపు ఆలోచించి, ఒక్క గెంతు గెంతి ఎక్కడో తేలుతోంది. బిల్లు నంబర్ కొడితే అంకెలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా నడిచొస్తున్నాయి. రెండు రోజుల క్రితం దాకా బంగారంలా పనిచేసిన మెషీన్.

ముందు అనుమానం మావాడి మీదికే పోయింది. ఏ గేమో దించి ఉంటాడని నాలుగు తిట్టాను. వాడు మొహం ముడుచుకుని స్కూలుకి పోయాడు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. మెమరీ 45 శాతం, డిస్క్ 3 శాతం, సీపీయూ (ప్రాసెసర్) 26 శాతం. ఎవరికీ చేతినిండా పని లేదు, అయినా పని ముందుకు సాగట్లేదు.

బళ్లారి రోడ్డులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. "ఫార్మాట్ కొట్టెయ్ బావా, ఒక పనైపోతుంది" అన్నాడు. వాడికి తలనొప్పి వచ్చినా అదే మందు చెబుతాడు. రిటర్నుల వారంలో అంతా తుడిచేసే ఫార్మాట్ ఏమిటి! డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆపేసి, రాత్రి 10 గంటలకి డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెట్టి పడుకున్నాను. పొద్దున 7కి కూడా నడుస్తూనే ఉంది. చివరికి వైరస్ లేదని తేల్చింది. డిస్క్ బాగోగులు చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి చూస్తే ఎస్ఎస్‌డీ (డేటా ఉండే డిస్క్) కూడా ఆరోగ్యంగానే ఉంది.

శనివారం దగ్గర్లోని రిపేరు షాపుకి మోసుకెళ్లాను. వాళ్ల టేబుల్ మీద స్విచ్ వేయగానే గుర్రంలా పరిగెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగైదు నిమిషాల తర్వాత మళ్లీ చతికిలబడింది. షాపాయన తలుపు కూడా విప్పకుండానే తేల్చేశాడు: "మదర్‌బోర్డ్ వీక్ అయింది సార్. ఎలాగూ 14వ తేదీతో విండోస్ 10కి అప్‌డేట్లు అయిపోతున్నాయి, మీ ప్రాసెసర్‌కి 11 పడదు. కొత్త సెట్ 22 వేలు అవుతుంది." ఆయన విండోస్ గురించి చెప్పినవి రెండూ నిజమే. మాది 7వ తరం ఐ5-7400, మైక్రోసాఫ్ట్ విండోస్ 11 జాబితాలో లేదు. కానీ 14న రాబోయే దానికి 3న నెమ్మదించడం ఎందుకు? ఆలోచించి చెబుతానని ఆటో ఎక్కించి తెచ్చేశాను.

ఆ రాత్రి మళ్లీ టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. లెక్కలు రాసేవాడికి ఒక అలవాటుంటుంది. ఏ నెల చూసినా ఒకే అంకె కనబడితే ఆ పద్దు దగ్గర ఆగుతాం. ఇక్కడ సీపీయూ అంకె 26 దగ్గరే అతుక్కుపోయింది. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచినా 26. ట్యాలీ, ఎక్సెల్ కలిపి తెరిచినా 26, మహా అయితే 27. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి గ్రాఫ్ కింద చదివాను. బేస్ స్పీడ్, అంటే అసలు వేగం, 3.00 గిగాహెర్ట్జ్. ప్రస్తుత స్పీడ్ 0.79. కాలిక్యులేటర్ తీసి 0.79ని 3తో భాగించాను. 26 శాతం. పైసా తేడా లేకుండా టాలీ అయింది!

అంటే ప్రాసెసర్ ఖాళీగా లేదు. మూడొంతుల బలం పోగొట్టుకుని, మిగిలిన పావు వంతుతో ప్రాణం పెట్టి చేస్తోంది. విండోస్ 10 ఆ శాతాన్ని అసలు స్పీడుతో పోల్చి చూపిస్తుంది కాబట్టి మనకి తీరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. స్పీడ్ ఇలా అట్టడుగుకి పడిపోవడానికి ముఖ్యమైన కారణం వేడి. ఈ ప్రాసెసర్‌కి హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే కాలిపోకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. షాపు టేబుల్ మీద, ఇంకా చల్లగా ఉన్న మొదటి నిమిషాల్లో బాగా నడిచింది అందుకే. వేడి ఎంతో చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేస్తే 99, 100 మధ్య ఊగుతోంది. థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) పక్కన ఎర్రటి అక్షరాల్లో 'యస్'.

ఆదివారం పొద్దున ప్లగ్ పీకి, పవర్ బటన్ రెండుసార్లు నొక్కి, తలుపు విప్పాను. మావాడు టార్చ్ పట్టుకున్నాడు. ప్రాసెసర్ మీద కూర్చున్న కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, బోర్డు రంధ్రాల్లోకి టక్కుమని దిగేవి. "డాడీ, ఇదొక్కటి పైకి లేచింది" అన్నాడు. వేలితో నొక్కితే దిగింది, వదిలితే మళ్లీ లేచింది. దాని కాలి చీలిక ఒక వైపు విరిగిపోయి ఉంది. అందుకే కూలర్ ప్రాసెసర్‌కి సరిగా అంటుకోక వేడి లాగట్లేదు. బ్రష్‌తో పొడిచినప్పుడు, ఫ్యాన్‌ని నెట్టినప్పుడు ఆ ముసలి ప్లాస్టిక్ విరిగి ఉండాలి. నేను చేసిన పూజే! వాణ్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి, సాయంత్రం వాడికి పానీపూరీ ఇప్పించాను.

సోమవారం మెట్రోలో చిక్‌పేట దిగి కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి నడిచాను. అక్కడ మా ప్రాసెసర్ కూర్చునే 1151 సాకెట్‌కి కూలర్ అంటే చాలు, నాలుగు రకాలు ముందు పెడతారు. రూ. 650కి ఒకటి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ చిన్న ట్యూబ్ ఒకటి తీసుకున్నాను.

పాత కూలర్ తీసేటప్పుడు పిన్ను తలని బాణం గుర్తు చూపించే వైపు తిప్పి పైకి లాగాలి. కింద పేస్ట్ ఎండిపోయి, తమలపాకు మీద మర్చిపోయిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో నున్నగా తుడిచి, మధ్యలో కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టాను. తిప్పిన తలలు మళ్లీ యథాస్థానానికి తెచ్చి, ఎదురెదురు మూలలు చొప్పున నొక్కాలి. ఒక వైపు రెండూ ముందే నొక్కేస్తే రెండో వైపు లేచిపోతుంది. మూడు పిన్నులు టక్ టక్‌మన్నాయి. నాలుగోది శబ్దం చెయ్యలేదు. బోర్డు వంగుతోందేమోనని చేతులు వణికాయి. ఇంకాస్త నొక్కితే అదీ పలికింది. బోర్డు వెనక్కి టార్చ్ వేసి నాలుగు కాళ్లూ బయటికొచ్చాయని చూశాకే తలుపు మూశాను.

స్విచ్ వేశాక 41 డిగ్రీలు. ట్యాలీలో పెద్ద డేటా తెరిచినా 63 దాటలేదు. స్పీడ్ 3.3 దగ్గర నిలబడింది. సీపీయూ శాతం 4కి పడుతోంది, 70కి లేస్తోంది, మళ్లీ పడుతోంది.

రిటర్నులన్నీ 10వ తేదీ రాత్రికే వేసేశాను. విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు కాబట్టి దానిలో పేరు నమోదు చేసుకున్నాను. బావమరిదికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయినా ఒకసారి ఫార్మాట్ కొట్టుంటే బాగుండేది బావా" అన్నాడు.