పద్యాల పోటీ, క్రోమోజోముల లెక్క

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న మా నాన్నగారు ఏటా పిల్లలకు పద్యపఠన పోటీ పెడతారు. ఊళ్లోని మాస్టారు ఎనభైకి తక్కువ మార్కులు వేయరు, పాతపట్నం నుంచి వచ్చే ఆయన యాభై దాటనివ్వరు, బరంపురం ఆయన మార్కులకు బదులు తప్పులు లెక్కపెడతారు. అందుకని నాన్న ముగ్గురి కాగితాలనూ ర్యాంకులుగా మార్చి, ఆ ర్యాంకులనే కూడతారు. లండన్‌లో జన్యు అధ్యయనాల ఫలితాలను కలిపే నా ఉద్యోగం కూడా దాదాపు ఇదే.

మధుమేహం, స్కిజోఫ్రేనియా వంటి జబ్బుల వెనుక అనేక జన్యువుల ప్రభావం కొద్దికొద్దిగా ఉంటుంది కనుక, జబ్బుతో పాటు సంక్రమించే క్రోమోజోము భాగాల కోసం కుటుంబాలను పరీక్షించే ఒక లింకేజి అధ్యయనానికి కనబడిన చోటు మరొక దానికి కనబడదు. 1999లో వెలువడిన జీఎస్‌ఎంఏ (జీనోమ్ సెర్చ్ మెటా ఎనాలిసిస్) పద్ధతి జన్యుసంపుటిని సుమారు 30 సెంటీమోర్గాన్ల (జన్యుపటంలో దూరానికి కొలమానం) చొప్పున 120 భాగాలు చేసి, ప్రతి అధ్యయనంలోనూ ఆధారపు బలాన్ని బట్టి వాటికి ర్యాంకులిచ్చి, అన్నిటినీ కూడి, అంత మొత్తం కాకతాళీయంగా రాగలదేమోనని ర్యాంకులను వేలసార్లు తారుమారు చేసి చూస్తుంది. 2003లో 20 స్కిజోఫ్రేనియా అధ్యయనాలను ఇలా కలిపినప్పుడు రెండో క్రోమోజోము పొడవాటి భుజంలోని ఒక భాగం ముందుకొచ్చింది.

ఆ ఆధారాన్ని కొన్ని అధ్యయనాలు లాడ్ స్కోరుగా, కొన్ని పి-విలువగా (అలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే సంభావ్యత) చెబుతాయి. లాడ్ స్కోరు పెద్దదైతే ఆధారం బలమైనది, పి-విలువ అయితే చిన్నదే బలమైనది. చేరిన కొత్తలో నేను ఒక అధ్యయనపు పి-విలువలకు తలకిందులుగా ర్యాంకులిచ్చాను; బరంపురం ఆయన కాగితంలో ఎక్కువ తప్పులున్న పిల్లవాణ్ణి మొదట నిలబెట్టినట్టన్నమాట. మొత్తాలు చూస్తే అనుమానమే రాలేదు. 2005లో వచ్చిన హెగెస్మా సాఫ్ట్‌వేర్ అధ్యయనాల మధ్య భిన్నత్వాన్ని కూడా కొలుస్తుంది కనుక బయటపడింది. ముగ్గురూ నడిమి ర్యాంకు ఇచ్చిన పిల్లకూ, ఒకరు మొదటా మరొకరు చివరా నిలబెట్టిన పిల్లకూ కూడిక ఒకటే రావచ్చు. ఆ తేడా చూడకుండా ఫలితం రాయకూడదని ఆనాడే నిశ్చయించుకున్నాను.

సెలవులకు వెళ్లి ఇదంతా చెబితే నాన్న, "ఔను గానీ అమ్మడూ, ఏళ్ల తరబడి పద్యం చెప్పిన మనిషి మాటకూ, మొన్న చేరిన కుర్రవాడి మాటకూ ఒకే తూకమా?" అని అడిగారు. రోగుల సంఖ్యకు వర్గమూలాన్ని తూకంగా వాడతామనీ, వందమంది ఉన్న అధ్యయనానికి పాతికమంది ఉన్నదానికంటే రెండింతల విలువే దక్కుతుందనీ చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ముగ్గురి సర్వీసు రాసుకున్నారు: 36, 25, 4. పక్కనే 6, 5, 2 అని వేసి, నిరుటి కాగితాల కట్ట విప్పారు.