వైద్యం వికటించే పాత్ర

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ఆడేవారిలో ఎవరైనా అన్‌డెడ్ పాత్రను, అంటే ఒకసారి చనిపోయి ఏదో శక్తి వల్ల మళ్లీ లేచి తిరుగుతున్న పాత్రను తీసుకుంటానని అనగానే, మిగతావారు ముందుగా లెక్కపెట్టేది లాభాలనే. విషం అంతగా ఎక్కదు, ఆకలి దప్పులు లేవు, నీటి అడుగున ఎంతసేపైనా నడవవచ్చు. నాకు ఇలాంటి పాత్రలో ఆసక్తి కలిగించేది దాని చావుకు బల్ల చుట్టూ కూర్చున్న అందరూ ఎంతో కొంత మూల్యం చెల్లించవలసి రావడం. ఆ మూల్యం లేకపోతే మిగిలేది వేషం మాత్రమే.

2021లో వచ్చిన వాన్ రిక్టెన్స్ గైడ్ టు రేవెన్‌లాఫ్ట్ అనే ఆ ఆట పుస్తకంలోని రీబార్న్, అంటే చనిపోయి తిరిగి వచ్చిన పాత్రల రకం, ఇందుకు మంచి ఉదాహరణ. రీబార్న్ పాత్రకు తిండి, నీరు, ఊపిరి, నిద్ర అవసరం లేదు. నాలుగు గంటలు కదలకుండా, స్పృహ కోల్పోకుండా కూర్చుంటే పూర్తి విశ్రాంతి దక్కుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేసే డెత్ సేవ్‌లలో రెండు పాచికలు వేసి మెరుగైనదాన్ని తీసుకోవచ్చు. ఇన్ని ఇచ్చిన రచయితలు ఒక్క చోట వెనక్కి తగ్గారు: నియమాల లెక్కలో ఈ పాత్ర అన్‌డెడ్ కాదు, హ్యూమనాయిడ్, అంటే మనిషిలాంటి జీవి. కాబట్టి దైవశక్తితో గాయాలు మాన్పే క్లెరిక్ పాత్ర అన్‌డెడ్‌లను తరిమేందుకు వాడే టర్న్ అన్‌డెడ్ శక్తి దీన్ని తరమలేదు, 2014 నాటి నియమాలలో అన్‌డెడ్‌పై పనిచేయని క్యూర్ వూండ్స్ అనే గాయాలు మాన్పే మంత్రం దీనిపై చక్కగా పనిచేస్తుంది. ఆట సాఫీగా సాగాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే గానీ, శవానికి కూడా మామూలు మందే పనిచేస్తే ఇక శవం కావడంలో విశేషమేముంది?

అయితే ఆ పుస్తకమే ఇచ్చిన మరొక నియమం ఈ లోటును చాలావరకు పూడుస్తుంది. ఏదైనా నైపుణ్యం పరీక్షకు వచ్చినప్పుడు, ఇరవై ముఖాల పాచికపై పడిన అంకెను చూశాక ఆరు ముఖాల పాచికను కూడా వేసి కలుపుకోవచ్చు. అది గత జన్మ నుంచి వచ్చిన జ్ఞానమని పుస్తకం చెబుతుంది. మా ఆటలో ఒక మిత్రురాలి రీబార్న్ పాత్ర, మెడ చుట్టూ కుట్లున్న మనిషి, ఒక పల్లెలో కష్టమైన కాన్పు దగ్గర చిక్కుకుంది. మెడిసిన్ పరీక్షలో 15 రావాలి, మొత్తం 10 వచ్చింది. ఆమె చిన్న పాచిక వేస్తే సరిగ్గా 5 పడింది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని డీఎం (ఆటను నడిపించే డన్జన్ మాస్టర్) అడిగితే, "నాకు గుర్తు లేదు, నా చేతులకు ఉంది" అని ఆమె జవాబిచ్చింది. ఆ పాత్ర బతికి ఉన్నప్పుడు మంత్రసాని అని మాకే కాదు, ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. ఆ తర్వాత కథ ఆ పల్లె వైపే తిరిగింది, డీఎం గీసుకున్న నేలమాళిగ పటం సంచిలోనే ఉండిపోయింది.

అన్‌డెడ్ పాత్ర ఈ ఆటకు కొత్త కాదు. 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చుకాక ముందే, మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫాంగ్ అనే పాత్ర రక్తపిశాచిగా మారి మిగతా ఆటగాళ్లకు కొరకరాని కొయ్యగా తయారైంది. దాన్ని ఎదుర్కోవడానికే అక్కడ మైక్ కార్ ఆడిన మతగురువు పాత్ర పుట్టిందని, అదే క్లెరిక్‌కు మూలమని ఆట చరిత్ర చెబుతుంది. అంటే నేడు అందరి గాయాలు మాన్పుతున్న క్లెరిక్ మొదట ఒక ఆటగాడి అన్‌డెడ్ పాత్రకు పోటీగా వచ్చినవాడన్నమాట.

ఆ పాత వైరాన్ని నిజాయితీగా నిలుపుకున్నది ఇలాంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్ రెండవ ఎడిషన్ అని నా అభిప్రాయం. 2022లో ఆ ఆటకు వచ్చిన బుక్ ఆఫ్ ది డెడ్ పుస్తకంలో అస్థిపంజరాన్నే పాత్రగా తీసుకోవచ్చు, కానీ హీల్ మంత్రం దాన్ని గాయపరుస్తుంది, హార్మ్ మంత్రం బాగుచేస్తుంది. క్లెరిక్ తన వంతులో దొరికే మూడు యాక్షన్లూ (చేయగల పనులు) వెచ్చించి హీల్ వేస్తే చుట్టూ 30 అడుగుల లోపల ఉన్న బతికున్నవారందరూ కోలుకుంటారు, అదే క్షణంలో పక్కనున్న అస్థిపంజరం దెబ్బతింటుంది. నేలకొరిగిన ఇద్దరిని లేపడానికి మూడో నేస్తాన్ని గాయపరచాలా అని క్లెరిక్ ఆడేవారు చేతిలో పాచికలు పట్టుకుని ఆలోచించే ఆ కొద్ది సేపటి కోసమే ఈ పాత్రను ఎంచుకోవచ్చు. మామూలుగా గాయాలకు చేసే చికిత్స కూడా దీనికి పట్టదు. ఎవరో ఒకరు స్టిచ్ ఫ్లెష్ అనే ఫీట్ (పాత్రకు ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం) తీసుకుంటేనే పడుతుంది.

అందువల్ల ఈ పాత్రను ఒక్కరే ఇంట్లో కూర్చుని తయారుచేసుకుని రావడం మిగతావారికి ఇబ్బంది. మా తర్వాతి ఆటకు నేను అస్థిపంజరాన్ని తీసుకోవాలనుకున్నప్పుడు ముందు అడిగింది డీఎంను కాదు, క్లెరిక్ ఆడబోయే మిత్రుణ్ణి. రోజూ హార్మ్ కూడా సిద్ధం చేసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు, స్టిచ్ ఫ్లెష్ మాత్రం వేరే ఎవరినైనా చూసుకోమన్నాడు. ఆ ఎవరో ఇంకా దొరకలేదు.