నీ ఇష్టం బిడ్డా

తార్నాకలో ఎక్కగానే సీటు దొరికింది ఇవాళ, ఇక హైటెక్ సిటీ దాకా తల ఎత్తకుండా గ్రెగరీ బేట్సన్‌ని చదివా. కొన్ని వారాలుగా ఇదే నడుస్తోంది. ఈయన అసలు ఏ సబ్జెక్టు మనిషో చెప్పడం కష్టం. జువాలజీతో మొదలుపెట్టి ఆంత్రోపాలజీకి పోయాడు, అక్కణ్ణించి సైబర్నెటిక్స్ (యంత్రాలూ ప్రాణులూ తమని తాము ఎలా అదుపు చేసుకుంటాయో చూసే శాస్త్రం), పిచ్చాసుపత్రి, కోతులు, డాల్ఫిన్లు, తాగుడు మానలేని మనుషులు, చివర్లో పర్యావరణం. మన చుట్టాల్లో ఇలాంటోడు ఉంటే "వాడికి ఒక్కదాని మీద నిలకడ లేదమ్మా" అని పెళ్లి సంబంధాలు కూడా రానివ్వరు. కానీ చదివే కొద్దీ ఆయన పట్టుకుని వేలాడింది ఒక్కటే సంగతి అనిపిస్తోంది నాకు. మనం ఏ మాట అన్నా, ఆ మాటని ఎలా తీసుకోవాలో చెప్పే ఇంకో మాట దాని వెనకాలే వస్తుంది, గొంతులోనో మొహంలోనో ఎవరు ఎవరితో అంటున్నారన్న దాంట్లోనో. ఆ రెండోదాన్ని ఆయన మెటాకమ్యూనికేషన్ అన్నాడు. అంతే. దాని చుట్టూనే తిరిగాడు జీవితమంతా.

పుట్టింది 1904లో, కేంబ్రిడ్జ్ పక్కన గ్రాంట్‌చెస్టర్ అనే ఊళ్లో. తండ్రి విలియం బేట్సన్ చిన్నాచితకా మనిషి కాదు, జెనెటిక్స్ అన్న మాటని వాడుకలోకి తెచ్చిందే ఆయన, మెండెల్ మీద ఎంత భక్తి అంటే మూడో కొడుక్కి ఆ గ్రెగర్ మెండెల్ పేరే పెట్టుకున్నాడు. పెద్ద కొడుకు జాన్ 1918లో యుద్ధంలో చనిపోయాడు. రెండోవాడు మార్టిన్‌కి కవిత్వం రాయాలని, నాటకాలు రాయాలని, తండ్రికేమో సైన్స్ తప్ప వేరేది ఆనదు, ఇద్దరికీ పడలేదు, 1922లో సరిగ్గా జాన్ పుట్టినరోజు నాడు మార్టిన్ లండన్ నడిబొడ్డున పికడిల్లీ సర్కస్‌లో తనని తాను కాల్చుకున్నాడు. ఇక ఆ ఇంటి ఆశలన్నీ మూడోవాడి నెత్తిన పడ్డాయి. ఇది చదువుతున్నప్పుడు అమీర్‌పేట్ స్టేషన్ వచ్చింది, ప్లాట్‌ఫామ్ మీద బ్యాగులు మోస్తూ కోచింగ్ పిల్లలు, నాకు ఒక్కసారిగా కడుపులో తిప్పినట్టయింది. గ్రెగరీ ఏం చేశాడంటే దొరికిన మొదటి సందులో దూరి న్యూగినీ వెళ్లిపోయాడు. ఎవరైనా అదే చేస్తారు కదా.

అక్కడ సెపిక్ అనే నది ఒడ్డున ఇయాట్ముల్ అనే జనం. వాళ్ల దగ్గర చూసిన ఒక తంతు మీదే 1936లో పుస్తకం వేశాడు, ఆ తంతు పేరు నేవెన్, పుస్తకం పేరూ అదే. సంగతేంటంటే పిల్లాడు జీవితంలో మొదటిసారి ఏదైనా ఘనకార్యం చేస్తే, ఉదాహరణకి ఈటెతో చేపని పొడిస్తే, సంబరం చేయాల్సింది మేనమామ. ఎలా అనుకున్నారు, ఆడవేషం కట్టి! అదీ మంచి బట్టలు కాదు, ముసలి విధవలు కట్టుకునే మాసి చిరిగిన గుడ్డలు చుట్టుకుని, కర్ర పట్టుకుని, పడుతూ లేస్తూ, మేనల్లుణ్ణి వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతాడు, పిల్లలు వెనకపడి నవ్వుతారు. అటు ఆడవాళ్లలో కొందరు మగవాళ్ల నగలూ ఈకలూ పెట్టుకుని దర్జాగా నడుస్తారు. నేను మెట్రోలో గట్టిగా నవ్వేశా, పక్కనావిడ జరిగి కూర్చుంది. మా మేనమామ గుర్తొచ్చాడు మరి. నా చెవులు కుట్టించినప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకున్నదీ ఆయనే, పెళ్లిలో బుట్టలో మోసుకొచ్చిందీ ఆయనే, టెన్త్‌లో ఫస్ట్ క్లాస్ వస్తే హనుమకొండ అంతా స్వీట్లు పంచిందీ ఆయనే. ఆ మనిషిని గోచీ పెట్టిన పాత చీరలో ఊహించుకున్నా. చేసేవాడే, ఎవరైనా అడిగుంటే.

ఆ జనంలోనే బేట్సన్‌కి ఇంకోటి కనపడింది. ఒకడు గొప్పలు చెప్పుకుంటే ఎదుటోడు ఇంకాస్త గొప్పలు, దానికి ఇతను ఇంకాస్త, అలా పెరుగుతూ పోవడం. లేదంటే ఒకళ్లు పెత్తనం చేసే కొద్దీ ఇంకొకళ్లు ఒదిగిపోవడం, ఒదిగే కొద్దీ పెత్తనం ఇంకా ముదరడం. రెండింటికీ కలిపి స్కిస్మోజెనిసిస్ అని నోరు తిరగని పేరు పెట్టాడు, 1935లోనే. మొదటి రకానికి నేను న్యూగినీ పోనక్కర్లేదు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ చాలు. ఒకాయన పార్కింగ్‌లో పూలకుండీ పెడితే పక్కాయన గొలుసు కట్టాడు, ఈయన బోర్డు పెట్టాడు, ఆయన సీసీ కెమెరా పెట్టించాడు, ఇప్పుడు ఇద్దరి కార్లూ రోడ్డు మీదే ఉంటున్నాయి, లోపల ఖాళీగా పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఇవాళ పొద్దున కూడా ఆ గ్రూప్‌లో ఏదో మొదలైంది, మ్యూట్ చేశా.

మరి ఇలా పెరుగుతూ పోయేది ఎక్కడ ఆగుతుంది, జనం కొట్టుకు చావకుండా ఎలా ఉన్నారు? ఆ పుస్తకం రాసేనాటికి దానికి సరైన జవాబు ఆయన దగ్గర లేదు. 1946 నుంచి న్యూయార్క్‌లో మేసీ సమావేశాలని జరిగాయి, నార్బర్ట్ వీనర్, వాన్ నాయ్‌మన్ లాంటి లెక్కల వాళ్లు ఒక పక్క, ఈయన, ఈయన భార్య మార్గరెట్ మీడ్ లాంటి సమాజం వాళ్లు ఇంకో పక్క. ఫీడ్‌బ్యాక్ అన్న ఆలోచన అక్కడ పట్టుకున్నాడు, అంటే చేసిన పని ఫలితమే తిరిగొచ్చి ఆ పనిని పెంచడమో, అదుపులో పెట్టడమో. అప్పుడు నేవెన్ మళ్లీ అర్థమైంది ఆయనకి, ఆ మేనమామ వేషం ఉత్త తమాషా కాదు, రెండు వర్గాల మధ్య బిగుసుకుపోతున్న దాన్ని వదులు చేసే ఏర్పాటు అని. 1958లో పుస్తకం మళ్లీ వేసినప్పుడు ఈ మాటంతా చివర్లో కలిపాడు. (మీడ్‌తో కలిసి బాలి ద్వీపంలో 25,000 దాకా ఫొటోలు తీశాడు, దాని మీద నాకు పెద్ద ఆసక్తి కలగలేదు, ఆ పేజీలు తిప్పేశా.)

స్టేషన్ దిగి ఆఫీసుకి నడిచే దారిలో రెండు కుక్కపిల్లలు, ఒకదాన్నొకటి మెడ పట్టుకుని ఈడ్చుకుంటున్నాయి. స్కూల్ బస్ కోసం నిలబడ్డ చిన్న పిల్ల "మమ్మీ కొట్టుకుంటున్నయ్" అంది, వాళ్లమ్మ చూడకుండానే "ఆడుకుంటున్నయ్ లే" అంది. 1952లో బేట్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో జూలో సరిగ్గా ఇదే చూశాడు, కోతిపిల్లలతో. కొరుకుతున్నాయి, కానీ అది కొరుకుడు కాదని రెండిటికీ తెలుసు. భాష లేని జంతువులు "ఇది ఆట" అని ఒకదానికొకటి ఎలా చెప్పుకుంటున్నాయి? ఆ ప్రశ్నలోంచే ఆయన తర్వాతి పనంతా వచ్చింది. మన హైదరాబాదోళ్లకి ఇది బాగా తెలిసిన విద్య, ఇక్కడ ఇద్దరు దోస్తులు చాయ్ దగ్గర కలిస్తే మొదట వచ్చేది బూతే, బయటోడు వింటే తలలు పగులుతాయనుకుంటాడు, వాళ్లేమో వన్ బై టూ చెప్పి బిస్కెట్ ముంచుకుంటుంటారు. అదే బూతు ఆఫీస్ చాట్‌లో టైప్ చేస్తే హెచ్ఆర్ దాకా పోతుంది, ఎందుకంటే గొంతు పోయింది, నవ్వు పోయింది, కొరుకుడు ఒక్కటే మిగిలింది.

నా ఉద్యోగం కాల్ సెంటర్‌లో ట్రైనింగ్. ఇవాళ కొత్త బ్యాచ్‌కి మాక్ కాల్స్. సూర్యాపేట నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు, మంచోడు, తెలివైనోడు, కానీ మైక్ పెట్టుకోగానే రాయి అయిపోతాడు. ఆడిట్ షీట్‌లో ఒక లైన్ ఏమో "స్క్రిప్ట్ దాటరాదు", రెండు లైన్ల కింద "స్క్రిప్ట్ చదువుతున్నట్టు ఉండరాదు, సహజంగా మాట్లాడవలెను". రెండిటికీ మార్కులు కట్. ఆ అబ్బాయి అడిగాడు, "మేడం, సహజంగా మాట్లాడితే నేను ఇట్ల మాట్లాడనే మాట్లాడ కదా". రూమ్‌లో అందరూ నవ్వారు, కానీ వాడు జోక్ వెయ్యలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ షీట్ పైనుంచి వస్తుంది, దాని గురించి ప్రశ్న అడిగితే "యాటిట్యూడ్" అనే ఇంకో కాలమ్ ఉంది, అందులో పడుతుంది.

బేట్సన్ మాటల్లో ఇది అచ్చం డబుల్ బైండ్. ఇటు చేసినా తప్పే, అటు చేసినా తప్పే, తప్పుకుని పోవడానికి లేదు, "ఏంది ఇది, రెండూ ఎట్ల కుదురుతయ్" అని అడగడానికీ లేదు. ఆ చివరిదే అసలు ముడి. 1956లో డాన్ జాక్సన్, జే హేలీ, జాన్ వీక్‌లాండ్‌తో కలిసి రాసిన పేపర్‌లో ఒక ఉదాహరణ ఉంటుంది, చదివిన దగ్గర్నించి వదలట్లేదు నన్ను. స్కిజోఫ్రెనియా నుంచి కాస్త కోలుకుంటున్న కుర్రాణ్ణి చూడ్డానికి తల్లి ఆసుపత్రికి వస్తుంది. వాడు సంతోషం పట్టలేక ఆమె భుజం చుట్టూ చెయ్యి వేస్తాడు, ఆమె బిగుసుకుపోతుంది. వాడు చెయ్యి తీసేస్తాడు. "అంటే నా మీద ప్రేమ లేదా ఇక?" అంటుంది. వాడి మొహం ఎర్రబడుతుంది. "అట్లా సిగ్గుపడకూడదు నాన్నా, మనసులో ఉన్నదానికి భయపడకూడదు" అంటుంది. ఆమె వెళ్లాక వాడు ఆసుపత్రి మనిషి మీద చెయ్యి చేసుకుంటాడు.

ఇక్కడ నాకు బేట్సన్ బృందంతో పేచీ ఉంది. ఇలాంటి మాటల వల్లే స్కిజోఫ్రెనియా వస్తుందన్నట్టు రాశారు, అది నిలబడలేదు, ఆ జబ్బుకి వంశపారంపర్యం, మెదడుకి సంబంధించిన కారణాలు చాలా ఉన్నాయని తర్వాత తేలింది. మధ్యలో ఎంతమంది తల్లులు "నీ వల్లే నీ కొడుకు ఇలా అయ్యాడు" అనిపించుకున్నారో. మనిషికి జబ్బు చేస్తే ముందు తల్లినే అనే అలవాటు మనకీ ఉంది కాబట్టి ఇంకా మండింది నాకు. న్యాయంగా చెప్పాలంటే వాళ్లే కొన్నేళ్లకి సర్దుకున్నారు, ఇందులో బిగించేవాళ్లు ఒకరు, బిగుసుకునేవాళ్లు ఒకరు అని చూడొద్దు, అందరూ ఒకే వలలో ఉన్నారు అని రాశారు. జబ్బుకి కారణంగా కాకుండా ఇళ్లల్లో, ఆఫీసుల్లో రోజూ జరిగేదానికి పేరుగా చూస్తే మాత్రం ఇంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. ఫ్యామిలీ థెరపీ మొదలవడంలో దీనికి పెద్ద పాత్రే ఉంది కూడా.

లంచ్‌లో ఆ అబ్బాయి పక్కన కూర్చున్నా, డాల్ఫిన్ కథ చెప్పా. హవాయిలో ఒక డాల్ఫిన్‌కి ట్రైనింగ్ ఇస్తున్నారు, రూల్ ఏంటంటే ప్రతిసారీ కొత్త పని చేస్తేనే చేప. నిన్న మెచ్చుకున్న పని ఇవాళ చేస్తే ఏమీ లేదు. దానికేమో ఈ రూల్ ఎవరూ చెప్పలేదు, చెప్పలేరు. 14 సెషన్లు పాత పనే తిప్పి తిప్పి చేస్తూ తెగ గింజుకుంది. 14కి 15కి మధ్యలో ఎందుకో తెగ హుషారైపోయి, 15లో వచ్చి ఎనిమిది రకాల విన్యాసాలు చేసింది, అందులో నాలుగు ఆ జాతి డాల్ఫిన్లు చేయగా ఎవరూ చూడనివి. అంటే ఇరుకులోంచి ఒక్కోసారి పిచ్చి కాదు, కొత్తదనం కూడా పుడుతుంది అని. ఇక్కడ దాకా చాలామంది చెప్తారు. నాకు నచ్చింది ఇంకో ముక్క. మధ్యలో ట్రైనర్ రూల్ తప్పి, ఏమీ చేయకపోయినా చాలాసార్లు చేప వేసేది, ఎందుకంటే ఊరికే తప్పు తప్పు అనిపించుకుంటూ ఉంటే ఆ డాల్ఫిన్ తట్టుకోలేకపోతోంది, తనతో సంబంధమే తెగిపోయేలా ఉంది. బేట్సన్ ఈ మాటని దాచకుండా రాశాడు, రూల్ ప్రకారం రాని ఆ చేపలు లేకపోతే ఆ 15వ సెషన్ వచ్చేదే కాదని నా ఉద్దేశం.

అబ్బాయి అంతా విని "అంటే మీరు నాకు చేప వేస్తున్నరా మేడం" అన్నాడు. క్యాంటీన్‌లో ఆ పూట చేపల పులుసు కూడా ఉంది, ఇద్దరం పగలబడి నవ్వాం. మధ్యాహ్నం మాక్ కాల్‌లో వాడు కస్టమర్‌తో "అయ్యో, మూడు రోజుల్నుంచి నెట్ లేదా సార్, చూద్దాం ఆగండి" అన్నాడు, స్క్రిప్ట్‌లో లేని "అయ్యో" అది. షీట్‌లో మార్కు కట్ చేయలేదు నేను.

రాత్రి అమ్మ ఫోన్. శనివారం హనుమకొండ వస్తావా అని అడగదు ఆమె, ఎప్పుడూ అడగదు. "నీకు పని ఉంటది కద, ఏం రావద్దు తియ్" అంటుంది. సరే రాలేనమ్మా అంటే "అవ్ లే, నీ ఇష్టం బిడ్డా, నాదేమున్నది" అని ఫోన్ నాన్నకి ఇచ్చేస్తుంది. వస్తానమ్మా అంటే "ఎందుకు బిడ్డా ఊకె తిరుగుడు, మనిషివి సగమైనవ్" అంటుంది. ఏళ్లుగా ఇంతే, నేను విసుక్కోవడం, ఆమె ఇంకా మెత్తబడటం, నేను ఇంకా విసుక్కోవడం. పాపం ఆమెకి వాళ్లమ్మ దగ్గర కూడా నోరు తెరిచి ఇది కావాలి అని అడిగే వీలు ఉండేది కాదు, ఆ సంగతి అమ్మమ్మ ఇంట్లో చూసినవాళ్లందరికీ తెలుసు. ఇవాళ మాత్రం నేను ఆ మాటల మీదే మాట పెట్టా. "అమ్మా, రావద్దు అంటున్నవ్ గానీ నీ గొంతు రమ్మంటుంది, నేను దేన్ని వినాలె?"

చాలాసేపు ఏమీ అనలేదు. నేను కట్ అయిందనుకుని హలో హలో అన్నా.

"రెండూ ఇను" అంది. "పని ఉంటది అన్నది నీ కోసం. గొంతు నాది."

దీనికి నేను సిద్ధంగా లేను. బేట్సన్ కూడా ఉండడు. తర్వాత ఆమె మామూలుగా, నాన్న బీపీ గోళీలు అయిపోయినయని, అక్కడ ఆ కంపెనీవి దొరకట్లేదని, వచ్చేటప్పుడు రెండు స్ట్రిప్పులు పట్టుకు రమ్మని, ఉప్పల్‌లో ఏసీ బస్సు ఎక్కమని, ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి రావద్దని చెప్పింది. పొద్దున ఆరున్నర బస్సుకి టికెట్ బుక్ చేశా, గోళీలు రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తీసుకోవాలి.