నవ్వు వినబడకపోతే

పర్లాకిమిడి మేడ మీద తెర కట్టి వేసిన ‘నాచురల్ బోర్న్ కిల్లర్స్’ అనే హాలీవుడ్ సినిమా సగంలోనే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వెనక వరసలో మాత్రం ఒకటే ఈలలు.

తేడా వచ్చింది హీరోయిన్ మేలరీ ఇంటి సీన్‌లో. తండ్రి దాష్టీకం చేస్తుంటే వెనక టీవీ కామెడీలోలా రికార్డు చేసిన నవ్వులు. మనల్ని నవ్వించడానికి కాదవి. టీవీ దేన్నైనా వినోదంగా ఎలా అమ్మేస్తుందో చూపడానికి. 1994లోనే దర్శకుడు ఒలివర్ స్టోన్ రంగు, నలుపు-తెలుపు, వీడియో, కార్టూన్ అన్నీ కలిపి కత్తిరించింది కూడా అందుకే.

పక్కింటివాళ్ల కోసం సౌండు తగ్గించారు. నవ్వులు సరిగా వినబళ్లేదు. వ్యంగ్యం పోయి ఉత్త హింస మిగిలింది.

లేచి వెళ్లినవాళ్లను తప్పుపట్టలేను. ఆ ఈలలే ఇంకా చెవుల్లో ఉన్నాయి.